బొజ్జ చెట్టుకు సంబంధం కుదిర్చిన సంగతి

డెబ్బైల చివరి రోజుల్లో హిందూపురంలో మాకు బాడుగ సామాన్ల అంగడి ఉండేది. షామియానాలు, ఇనుప కుర్చీలు, అన్నం వండే గుండిగలు, వీటితోపాటు పెళ్ళి పందిరి ముందు రెండు పక్కలా నిలబెట్టడానికి సిమెంటు తొట్లలో పెంచిన పామ్ చెట్లు. మా నాయన కాలంలో అరటి చెట్లు కట్టేవాళ్ళు, అంతే. నా కాలానికి బెంగుళూరు చూసొచ్చిన పెళ్ళివాళ్ళు "ఆడ హోటళ్ళ ముందర ఉంటాయే, అట్లాంటి చెట్లు కావాల" అనడం మొదలుపెట్టారు. నేనూ ఒక డజను చెట్లు సంపాదించాను.

వాటిలో ఒకటి బెంగుళూరులో ఏదో పాత బంగళా పడగొడుతుంటే తెచ్చుకున్నది. మిగతావన్నీ సన్నగా, నిటారుగా, చెప్పినట్టు వినే పిల్లల్లా ఉండేవి. ఇదొక్కటి అడుగున నీళ్ళ బాన అంత లావుగా ఉబ్బి, పైకి పోయేకొద్దీ సన్నబడి, నెత్తిన నాలుగైదు వంకర ఆకులతో నిలబడేది. ముక్కాలిపీట ఎక్కితే దాని తల నాకు అందేది. ఇంట్లో అందరం దాన్ని బొజ్జ చెట్టు అనేవాళ్ళం.

దాన్ని ఎవరూ బాడుగకు తీసుకునేవాళ్ళు కాదు. ఒకాయన చుట్టూ తిరిగి చూసి, "ఏమప్పా, దీనికేమన్నా ఉబ్బురోగమా?" అని అడిగాడు. ఇంకొకాయన, ఆడపిల్ల తండ్రి, నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "కడుపుతో ఉండే చెట్టును పెండ్లి గుమ్మం కాడ పెడితే మగపెండ్లివాళ్ళు ఏమనుకుంటారబ్బా? ఇంకోటి ఇయ్యి."

ఆ ఏడు వేసవిలో ధర్మవరంలో ఒక పట్టుచీరల వర్తకుడి ఇంట్లో పెళ్ళి. లారీలో సామాన్లు తోలుకుని బయలుదేరాను. జోడీగా పెట్టాల్సిన చెట్లలో ఒకటి పెనుకొండ మలుపులో పడి మెడ విరిగింది. మారు కోసం పెట్టుకున్నది బొజ్జ చెట్టు ఒక్కటే. దానికి నిండా బంతిపూల దండలు, రంగు బల్బులు చుట్టి, బొజ్జ కనపడకుండా చేశానని అనుకుని గుమ్మం దగ్గర నిలబెట్టాను. నిజానికి దండలు చుట్టాక అది ఇంకా లావుగా కనిపించింది.

మగపెళ్ళివాళ్ళు మేళంతో వచ్చారు. వాళ్ళలో ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయి, పచ్చ అంచు నూలుచీర, లావు అద్దాలు, ఆ చెట్టు ముందుకు రాగానే టక్కున ఆగి కింద కూర్చుండిపోయింది. వెనక వస్తున్న పెళ్ళికొడుకు ఆమెను తట్టుకుని పడబోయాడు. బాజా ఆగిపోయింది.

"లెక్చరరమ్మకు తల తిరిగినట్లుండాది, సోడా తేండప్పా!" అని ఎవరో అరిచారు.

సోడా వచ్చింది. ఆమెకు తలేమీ తిరగలేదు. సంచీలోంచి భూతద్దం తీసి బల్బుల మధ్యలో చెట్టు మాను చూస్తోంది. ఒక చేత్తో సోడా తాగుతూనే, "ఈ చెట్టు ఎవరిది?" అని అడిగింది.

నేను ముందుకొచ్చాను. "నాదే మేడమ్. బాడుగకు తెచ్చినా."

"బాడుగకా!" అంది. కన్నతల్లిని బాడుగకు ఇస్తున్నానని చెప్పినా అంత కోపంగా అని ఉండదు.

ఆవిడ హిందూపురంలోనే డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే లెక్చరరు. పెళ్ళికొడుక్కి పిన్ని వరస. కృష్ణా వైపు మనిషి. తాళి కట్టే ముహూర్తం దగ్గరపడుతున్నా లేవకుండా నాకు పాఠం చెప్పింది. దీన్ని బాటిల్ పామ్ అంటారట. దీని పుట్టిల్లు సముద్రం మధ్యలో ఒక చిన్న దీవి. ఎప్పుడో ఓడలవాళ్ళు ఆ దీవిలో మేకల్ని, కుందేళ్ళని వదిలిపోయారు. మొలిచిన మొక్కనల్లా అవి తినేశాయి. ముసలి చెట్లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. "ప్రపంచమంతా తోటల్లో అందం కోసం పెంచుతున్నారండీ. సొంత ఊళ్ళో మాత్రం ఇది చచ్చిపోతోంది. మీరేమో దీనికి బంతిపూలు చుట్టారు," అంది.

నేను చెట్టు వంక చూశాను. ఎందుకో సిగ్గేసింది. ఒక్కొక్క బల్బు విప్పడం మొదలుపెట్టాను. పెళ్ళికూతురి తండ్రి, ఆ పట్టుచీరల వర్తకుడు, పరుగున వచ్చాడు. "ఏమబ్బా, పెండ్లి కాకముందే దీపాలు పీకుతాండావు? నీకేమైనా దుడ్లు తక్కువిచ్చినామా?"

"అది కాదన్నా, ఈ చెట్టు సంగతి తెలియక తెచ్చినా," అన్నాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. నాకూ సగమే అర్థమైంది. కానీ ఆ రోజు నుంచి బొజ్జ చెట్టు మళ్ళీ ఏ పెళ్ళికీ పోలేదు.

లెక్చరరమ్మ వారానికి రెండు మూడు సాయంత్రాలు మా పెరట్లోకి వచ్చేది. చెట్టును కొలిచేది, రాసుకునేది, పోయేది. మా అవ్వకు అనుమానం వచ్చింది. "ఆ యమ్మ మనోని కోసం వస్తాందా, చెట్టు కోసం వస్తాందా?" అని నా భార్యను అడిగింది.

"చెట్టు కోసమేలే అవ్వా. ఈయన మొగం ఒక్కతూరి చూసింటే గదా," అంది నా భార్య. నాకు కొంచెం బాధ కలిగింది గాని, మాట నిజమే.

మరుసటి ఏడు చెట్టు మెడ కింద నుంచి ఆవుకొమ్ముల్లాగా రెండు మొగ్గలు పొడుచుకొచ్చాయి. లెక్చరరమ్మ మా పెరట్లో చప్పట్లు కొట్టింది. ఇక్కడే చిక్కు వచ్చిపడింది. దీని గెలలో మగపూలు ముందు విచ్చుకుని రాలిపోతాయట, ఆడపూలు తర్వాత విచ్చుకుంటాయట. వేరే చెట్టు పుప్పొడి తెచ్చి ఆడపూలకు అద్దితే మంచిదట. పోనీ తేనెటీగలకు వదిలేద్దామంటే, మా వీధి చివర సినిమా హాలు ముందు దీని దాయాది జాతి చెట్టు ఒకటుంది. అది నడుము దగ్గర ఉబ్బే రకం. ఆ పుప్పొడి వచ్చి పడితే పుట్టేవి రెండు జాతులకూ చెందని గింజలు.

"తోటల్లో ఇలా కలిసిపోయే అసలు రకం మాయమైపోతోంది. మనం కాపాడాలంటే స్వచ్ఛమైన గింజ కావాలి," అంది.

అవ్వ అంతా విని, "ఓహో, సినిమా హాలు కాడి పోరంబోకోడు మన పిల్ల మీద కన్నేసినాడన్నమాట," అని తేల్చేసింది. ఆ మాటతో మా ఇంట్లో అందరికీ వృక్షశాస్త్రం అర్థమైపోయింది.

నా భార్య పల్చటి మల్‌మల్ గుడ్డతో రెండు సంచులు కుట్టింది. మొగ్గలు పగలగానే గెలలకు తొడిగి మూతి బిగించాం. సరైన సంబంధం మాత్రం పెనుకొండలో దొరికింది. అక్కడొక పాత బంగళా ఆవరణలో ఇలాంటి చెట్టే ఉందని లెక్చరరమ్మ కనుక్కుంది. ఆ చెట్టు మొగ్గ, అదే కొమ్ము, పగిలిన రోజు బస్సు కండక్టరుతో కబురు పంపమని అక్కడి కాపలాదారుకు చెప్పి వచ్చాం.

వారం తర్వాత కండక్టరు మా అంగడి ముందు బస్సు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏమప్పా, పెనుకొండలో మీ వాళ్ళెవరిదో కొమ్ము పగిలిందంట! తొందరగా రమ్మన్నారు!"

బస్సు నిండా జనం నావైపు జాలిగా చూశారు. మా అంగడి పక్క శెట్టిగారు, "ఎద్దుదా అబ్బా? కట్టు కట్టే ఆయప్ప నాకు తెలుసు," అన్నారు. "ఎద్దుది కాదన్నా, అల్లునిది," అని నేను కాలేజీకి పరిగెత్తాను.

మరునాడు పొద్దున్నే లెక్చరరమ్మ, నేను పెనుకొండ పోయాం. ఆమె గెల కింద తెల్ల కాగితం పట్టి మెల్లగా తట్టింది. లేత పసుపు పొడి రాలింది. అప్పుడు చూసుకుంటే గాజు గొట్టం ఇంట్లో మరిచి వచ్చింది. నా జేబులో మా నాయన వాడిన నశ్యం డబ్బీ ఉండేది. ఆయన పోయాక చిల్లర వేసుకునేవాణ్ణి. చిల్లర తీసి, శుభ్రంగా తుడిచి ఇచ్చాను. పుప్పొడి అందులో పోసి మూత పెట్టాం.

తిరుగు బస్సులో ఆమెకు ముందు ఆడవాళ్ళ సీటు దొరికింది. నాకు వెనక ఒక పెద్దాయన పక్కన దొరికింది. తెల్ల తలపాగా, చెంపల దాకా పోయే తెల్ల మీసాలు. నేను డబ్బీని గుడ్డులాగా అరచేతిలో పట్టుకుని కూర్చున్నాను. టికెట్టు తీసుకోవడానికి ఒక్క నిమిషం తొడ మీద పెట్టి జేబులో చెయ్యి పెట్టాను. పక్కవాడి దగ్గర నశ్యం డబ్బీ కనిపిస్తే అడిగి తీసుకోవడం ఆ కాలంలో ఎవరికీ అలవాటు లేదు. పెద్దాయన మూత తీసి, చిటికెడు తీసుకుని, ముక్కులోకి ఎగపీల్చాడు.

"ఇదేం నశ్యమప్పా, ఘాటే లేదు!" అని, నేను చూసేలోపల రెండో ముక్కుకు పెద్ద చిటికె పట్టించాడు.

నేను "అయ్యయ్యో" అనేలోపల ఆయనకు తుమ్ము వచ్చింది. అలాంటి తుమ్ము నేను మళ్ళీ వినలేదు. డబ్బీలోని పొడి సగం గాలిలోకి లేచి, ఆయన మీసాల మీద దిగింది.

లెక్చరరమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఒక్క క్షణంలో సంగతంతా అర్థమైంది. లేచి నిలబడి, "కదలకండి!" అని అరిచింది.

డ్రైవరు తనకే చెప్పిందనుకుని బస్సు ఆపేశాడు.

ఆమె సీట్ల మధ్యలోంచి వచ్చింది. సంచీలోంచి నీటిరంగులు వేసే సన్న కుంచె తీసింది, ఒక పోస్టుకార్డు తీసింది. కార్డు పెద్దాయన గడ్డం కింద పట్టి, మీసాన్ని కుంచెతో ఒక్కొక్క వెంట్రుకా దువ్వడం మొదలుపెట్టింది. బస్సంతా లేచి నిలబడి చూస్తోంది. పెద్దాయన ఊపిరి బిగబట్టి, కళ్ళు పైకెత్తి, మంగలి ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

కాసేపటికి పెదవులు కదపకుండా, "తల్లీ, నలభై ఏండ్ల కాపురంలో మా ఇంటిది గూడా నా మీసం ఇట్ల ముట్టల్యా. ఇంతకూ దాంట్లో ఏముండాది?" అన్నాడు.

"ఒక చెట్టు వంశం ఉంది తాతా. మాట్లాడకండి, రాలిపోతుంది," అంది ఆమె.

ఆయన హిందూపురం దాకా మళ్ళీ నోరు విప్పలేదు. దువ్వడం అయిపోయాక కూడా గడ్డం పైకెత్తుకునే కూర్చున్నాడు. పక్కవాళ్ళెవరైనా నవ్వితే కళ్ళతోనే గద్దించాడు. దిగేటప్పుడు మాత్రం మా ఇల్లు యాడ అని అడిగి తెలుసుకున్నాడు.

ఇంటికి రాగానే ముక్కాలిపీట ఎక్కి ఆమె పని మొదలుపెట్టింది. ఒక గెలకు డబ్బీలో మిగిలిన పుప్పొడి అద్ది ఎర్రదారం కట్టింది. రెండో గెలకు మీసం మీది పుప్పొడి అద్ది తెల్లదారం కట్టింది. మళ్ళీ సంచులు తొడిగాం. మూడు రోజులు వరసగా వచ్చి అదే పని చేసింది. నెలన్నరకు సంచి విప్పి చూస్తే రెండు గెలలకూ చిన్న పచ్చకాయలు పట్టాయి. ఎర్రదారం గెలకు పలచగా, తెల్లదారం గెలకు గుత్తులుగా. ఆమె రెండింటినీ రెండేసి సార్లు లెక్కపెట్టుకుంది. నాకు తెలిసి ఆ విషయం ఏ పత్రికకూ రాయలేదు.

పెద్దాయన ఒక ఆదివారం నిజంగానే వచ్చాడు. ఇస్త్రీ పంచె కట్టుకుని, మీసానికి నూనె రాసుకుని వచ్చాడు. తెల్లదారం గెల చూపిస్తే తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "నా పక్క కాపే మెండుగా ఉండాది," అని మా అవ్వతో చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళాడు.

అప్పటికి వీధిలో అందరికీ తెలిసిపోయింది. కడుపు ఎటూ ముందు నుంచే ఉంది. పెళ్ళి జరిగింది, కాయ నిలిచింది. ఇక ఆగుతారా? ఏడో నెల రాగానే అంగడి పక్క శెట్టిగారి భార్య మా అవ్వ దగ్గరికి వచ్చి, "అవ్వా, దానికి సీమంతం చేయకుంటే బాగుంటాదా?" అంది. అవ్వ, "మా సాయిబుల ఇండ్లల్లో గూడా ఏడో నెలలో పూలు ముడుస్తాము. రెండూ చేద్దాం," అంది.

శుక్రవారం మధ్యాహ్నం నేను అంగడి నుంచి వచ్చేసరికి పెరట్లో పాతిక మంది ఆడవాళ్ళున్నారు. చెట్టు బొజ్జకు పచ్చ చీర చుట్టారు. వంకర ఆకులకు గాజులు వేలాడుతున్నాయి. చిత్రాన్నం, పెరుగన్నం, చక్కెర పొంగలి మూడు గుండిగల నిండా ఉన్నాయి, గుండిగలు నా అంగడివే. సరిగ్గా అప్పుడే లెక్చరరమ్మ కొలబద్దతో లోపలికి వచ్చింది.

ఆమె మొహం చూసి నేను గుమ్మం వెనక్కి జరిగాను. "పసుపు, కుంకుమ కాయల మీద పడ్డాయా?" అని ఒక్కటే అడిగింది.

"పడల్యా తల్లీ. నీ గుడ్డసంచి ముట్టుకోల్యా. నడుము కిందనే చేసినాం," అంది అవ్వ.

లెక్చరరమ్మ సంచి మూతి చూసింది, ముడి చూసింది, ఒక నిట్టూర్పు విడిచింది. ఆమెను చెట్టు పక్కనే పీట వేసి కూర్చోబెట్టారు. పిల్ల తరఫు పెద్దదిక్కు ఆమే అని తీర్మానించి ఆమె చేతికీ గాజులు తొడిగారు. ఆమె వద్దంటూనే చిత్రాన్నం రెండుసార్లు వడ్డించుకుంది. తర్వాత ఆడవాళ్ళందరికీ దీవి కథ చెప్పింది. మేకల దగ్గరికి వచ్చేసరికి అందరూ "అయ్యో పాపం" అన్నారు. మా వెనక వీధిలో మేకలు కాసే ఆమె మాత్రం లేచి వెళ్ళిపోయింది.

తొమ్మిదో నెల దాటింది, పదో నెల దాటింది. అవ్వకు దిగులు పట్టుకుంది. "యాడన్నా ఇన్ని నెలలు ఉంటాదా? డాక్టరమ్మను పిలుద్దామా?" అని రోజూ పోరేది. ఏడాది గడిచి ఇంకో మూడు నెలలకు కాయలు నల్లబడి సంచిలోకి రాలాయి. గుజ్జు కడిగేసి, సగం గింజలు గుడ్డపార్శిలు కట్టి, చెట్లు పెంచి కాపాడే ఒక పెద్ద తోటకు లెక్చరరమ్మ పోస్టులో పంపింది. మిగతా సగం ఇసుక తొట్లలో మా పెరట్లోనే వేశాం.

ఐదు నెలలు ఇసుకకు నీళ్ళు పోశాను. ఊళ్ళో జనం, "ఏమప్పా, ఇసుక ఎంత పెరిగింది?" అని అడిగేవాళ్ళు. ఒక ఉదయం మొదటి మొలక సూదిలాగా పైకి వచ్చింది. నేను అంగడి తెరవలేదు. వరసగా పదిహేడు వచ్చాయి.

పదిహేడూ నిలవలేదు. ఒకరోజు వెనక వీధి మేక కంచె సందులోంచి దూరి, మూడు మొలకల్ని నమిలేసింది. లెక్చరరమ్మ వచ్చేసరికి నాలుగో దాని ఆకు ఇంకా దాని నోట్లోనే ఉంది. పాఠాలు తప్ప తిట్లు ఆమె నోట మేమెప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాం.

"అక్కడ తిన్నది చాలక ఇక్కడికి కూడా వచ్చావా!" అంటూ కొలబద్ద పుచ్చుకుని మేక వెంటపడింది.

మేకల ఆమె అడ్డం వచ్చి రెండు చేతులూ చాపింది. "యాడ తినింది మేడమ్? ఏ దేవుని మీద ప్రమాణం చెయ్యమన్నా చేస్తా. నా మేక హిందూపురం దాటి యాడికీ పోల్యా. ఓడ గూడా ఎక్కల్యా!"

లెక్చరరమ్మ ఆగిపోయింది. కొలబద్ద దించింది. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మేకల ఆమె కూడా పక్కన కూర్చుని నవ్వింది. మరునాడు ఆమే తుమ్మకంప తెచ్చి మా కంచె సందులన్నీ మూసేసింది.

మిగిలిన పదమూడు మొక్కలు బతికాయి. పంపిన గింజలు కూడా బాగానే మొలిచాయని ఆ పెద్ద తోట నుంచి ఉత్తరం వచ్చింది. కొన్నేళ్ళకు, దీవిలో మేకలనూ కుందేళ్ళనూ తీసేశారని, అక్కడి గింజలతోనే అక్కడివాళ్ళు మొక్కలు పెంచుతున్నారని లెక్చరరమ్మకు తెలిసింది. ఆ రోజు ఆమె మా ఇంటికి మైసూరుపాకు తెచ్చింది.

ఎనభైల్లో నేను షామియానాలు మా బామ్మర్దికి అప్పగించి, ఊరి బయట నర్సరీ పెట్టాను. అరటి, జామ, గులాబీలు అడిగినవాళ్ళకు అడిగినట్టు అమ్మేవాణ్ణి. బొజ్జ చెట్టు పిల్లల విషయంలో మాత్రం నా భార్యకు నామీద కోపం. ఎవరైనా అడిగితే ఇంట్లో ఎండ ఎంతసేపు ఉంటుంది, నీళ్ళు ఉప్పా తియ్యనా, ఇల్లు సొంతమా బాడుగా, పక్కన దాయాది చెట్లున్నాయా అని వరసగా అడిగేవాణ్ణి. ఒక బ్యాంకు మేనేజరు పావుగంట జవాబులు చెప్పి, "అయ్యా, నేను చెట్టు కొనడానికి వచ్చానా, పిల్లనడగడానికి వచ్చానా?" అని విసుక్కుని గులాబీ మొక్క పట్టుకుపోయాడు.

చివరికి ఒకటి ధర్మవరంలో ఒక స్కూలు టీచరుకు ఇచ్చాను. నా ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. అయినా నాకు నిద్ర పట్టలేదు. ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం రైలెక్కి చూసిరావడానికి పోయాను. మొక్క బాగానే పెరిగింది. మెడకు మాత్రం నైలాను తాడు కట్టి, దాని మీద టీచరుగారి పంట్లాలు ఆరేసి ఉన్నాయి.

ఒక్కొక్క పంట్లామూ తీసి మడిచి అరుగు మీద పెట్టాను. తాడు విప్పి కిటికీ కమ్మీకి కట్టాను. మళ్ళీ పంట్లాలన్నీ దాని మీద ఆరేశాను. అప్పుడే టీచరుగారి భార్య బయటికి వచ్చి, "ఎవరు కావాల, అన్నా?" అని అడిగింది.

"ఎవరూ వద్దమ్మా, చెట్టును చూసిపోదామని వచ్చినా," అన్నాను.

ఆమె నన్నూ, చెట్టునూ, పంట్లాలనూ మార్చి మార్చి చూసింది. కాసేపు ఆలోచించి, కాఫీ ఇచ్చింది. తాగి, మధ్యాహ్నం రైలుకు హిందూపురం వచ్చేశాను.